గొడుగు పుట్టినూరు

"గొడుగు ఎక్కడ పుట్టిందో చెప్పడానికి ఒక ఆఫీసరా?" అంది ఆమె, నా గుర్తింపు కార్డుని అటూ ఇటూ తిప్పి చూస్తూ. "దానికి జీతం కూడా ఇస్తారా?"

"ఇస్తారు," అన్నాను.

"ఎంత మంచి ప్రభుత్వమో!" అని కార్డు నా చేతిలో పెట్టి, మళ్లీ తన పనిలో పడిపోయింది.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. వాణిజ్య శాఖ, మూల నిర్ధారణ విభాగంలో సహాయ అధికారిని. పేరు ఘనంగా ఉంది కానీ పని ఇంతే. మా దేశమూ, చుట్టూ ఉన్న నాలుగు దేశాలూ కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఈ ఐదింట్లో ఎక్కడ తయారైన సరుకైనా మిగతా నాలుగింటికీ సుంకం లేకుండా వెళ్లొచ్చు. అయితే ఆ సరుకు నిజంగా ఇక్కడే పుట్టిందా, లేక సముద్రం అవతలి నుంచి తెప్పించి పైన చీటీ మార్చారా అన్నది ఎవరో ఒకరు తేల్చాలి. ఆ ఎవరో ఒకణ్ని నేను. విలువలో నలభై శాతం దాటి బయటిది ఉంటే అది మనది కాదు. నా సంతకం పడదు.

ఆ సంతకమంటే నాకు మహా గర్వం. ప్రాంతీయ సమైక్యత మీద రెండు వ్యాసాలు కూడా రాశాను. వాటిని చదివినవాళ్లు ఇద్దరు. ఒకణ్ని నేను, రెండో మనిషి వాటిని టైపు చేసినావిడ.

ఆ గొడుగుల కార్ఖానా రైల్వే గోదాముల వెనక సందులో ఉంది. కింద షెడ్డులో ఆరుగురు మగవాళ్లు కర్రని ఆవిరికి మెత్తబరిచి పిడులు వంచుతున్నారు. పైన రేకుల గదిలో పదహారు మంది ఆడవాళ్లు గుడ్డ కత్తిరించి, ఊచలకి కుట్టి, గొడుగు బిగిస్తున్నారు. వీళ్లందరి మీదా అజమాయిషీ ఆమెదే. జుట్టులో పెన్సిలు, మోచేతుల దాకా ఊచలు గీసుకున్న గీతలు. పనివాళ్లు చాటుగా ఆమెకి పెట్టిన పేరు 'ఊచ'. సన్నగా ఉంటుందని కొందరూ, వంగదని కొందరూ అలా పిలిచేవారట. ఆ పేరు ఆమెకి తెలుసు. నచ్చి ఊరుకుంది.

నేను ఒక గొడుగు తీసి, విప్పి, ముక్కలన్నీ బల్ల మీద పేర్చాను. లెక్క వేసుకున్నాను. కాడ, పిడి ఇక్కడివే. ఊచల తీగ సముద్రం అవతలిది, పదిహేను శాతం. గుడ్డ కూడా అవతలిదే, ముప్పై ఒకటి.

"నలభై ఆరు," అన్నాను గొంతు సవరించుకుని. "క్షమించాలి. ఇది మన గొడుగు కాదు."

షెడ్డులో చప్పుడు ఆగిపోయింది.

"నా చేత్తో కుట్టాను," అంది మెట్ల మీద నుంచి ఒక పెద్దావిడ. "నాది కాదంటాడేంటి?"

"మీరుండండి పిన్నీ," అంది ఊచ. అని నా వైపు తిరిగింది. "గుడ్డ సముద్రం అవతలి నుంచి ఎందుకు తెచ్చానో అడిగారా?"

"ఆ ప్రశ్న నా ఫారంలో లేదండీ."

"లేకపోతే నేను చెప్తాను, వినండి. ఇదే గుడ్డ పక్క దేశంలో నేస్తారు. బోర్డర్ పక్కనే, ఇక్కడికి ఐదు గంటల ప్రయాణం. పద్నాలుగు బేళ్లు కొన్నాను. అవి బోర్డర్‌లో కూర్చుని ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. సముద్రం అవతలి గుడ్డ పద్దెనిమిది రోజుల్లో నా గుమ్మం ముందు దిగింది. ఇప్పుడు చెప్పండి, ఎవరు పక్కవాళ్లు? ఎవరు పరాయివాళ్లు?"

"ఒప్పందంలో అలాంటి అడ్డంకి ఏమీ లేదు. ఏడో అధ్యాయం ప్రకారం..."

"మీరు ఆ బోర్డర్ ఎప్పుడైనా చూశారా?"

"ఫోటోల్లో చూశాను."

పైన రేకుల గదిలో పదహారు మందీ ఒక్కసారి నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. ఆమె మాత్రం నవ్వలేదు. అదే ఎక్కువ బాధగా అనిపించింది.

అప్పుడే ఆమె బాబాయ్ వచ్చాడు. ఎక్స్‌పోర్ట్ ఏజెంటు. బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి, సందులోని బురదని అవమానిస్తున్నట్టు. మూల స్టూలు మీద కూర్చుని పిడులు నున్నగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూస్తున్న ఆమె నాన్న దగ్గరికి నేరుగా వెళ్లి, ఒక కాగితాల కట్ట ఒళ్లో పెట్టాడు.

"అన్నయ్యా, నెలాఖరు దాకానే గడువు. అంత పెద్ద కంపెనీ మళ్లీ మన సందులోకి రాదు. పిడులు, నెలకి యాభై వేలు. గొడుగు వాళ్లు వేరే చోట బిగించుకుంటారు. నీకెందుకు ఆ తలనొప్పి?"

"పైనున్నవాళ్లు?" అన్నాడు పెద్దాయన. ఆయన ఒక్కో మాటా కొలిచి ఖర్చుపెట్టే మనిషి.

"ఎవరికి ఏది చవకగా వస్తే వాళ్లు అది చేయాలి అన్నయ్యా. ప్రపంచమంతా అలాగే నడుస్తోంది. గ్లోబల్ చెయిన్ అంటారు దాన్ని."

నాకు ఒళ్లు మండింది. ఇది నా వ్యాసాల్లో రెండోదానికి సంబంధించిన విషయం. "అలా ముక్కలు మాత్రమే చేసిపెట్టే దేశాలు ఎప్పటికీ ముక్కల దగ్గరే ఉండిపోతాయి. రేపు ఆ కంపెనీకి ఇంకోచోట ఇంకా చవకగా దొరికితే వెళ్లిపోతుంది. ముందు ఇరుగుపొరుగుతో వ్యాపారం చేసి, పూర్తి వస్తువు తయారుచేయడం నేర్చుకుని, తర్వాత పెద్దవాళ్లతో పోటీ పడాలి," అన్నాను.

"ఈయనెవరు?" అన్నాడు బాబాయ్.

"పుట్టుక సారు," అంది ఊచ.

"ఇరుగుపొరుగుకి ఏం అమ్ముతావయ్యా?" అని నా మీద పడ్డాడు బాబాయ్. "వాళ్లూ మనలాంటి పేదవాళ్లే. మన దగ్గర ఉన్నదే వాళ్ల దగ్గరా ఉంది, మన దగ్గర లేనిదే వాళ్ల దగ్గరా లేదు. ఐదుగురు ఖాళీ జేబులవాళ్లు కలిసి సంత పెట్టుకుంటే సంత అవుతుందా?"

"మీ పెద్ద కంపెనీ మీ షరతు ఒక్కటైనా వింటుందా?"

"మీ ఐదు దేశాలు ఒకరి మాట ఒకరు వింటున్నాయా?"

అలా పావుగంట అరుచుకున్నాం. 'పోటీతత్వం' అని ఆయన, 'సమైక్యత' అని నేను. ఇద్దరం కలిసి ఆ రోజు ఆ షెడ్డులో వాడినన్ని పెద్దమాటలు ఆ సందు పుట్టినప్పటి నుంచీ విని ఉండదు.

ఆమె పెన్సిలు జుట్టులోంచి తీసి బల్ల మీద టకటక కొట్టింది.

"అయిందా? ఇద్దరూ ఇలా రండి." నేను విప్పిన గొడుగు ముక్కలు మా ముందుకు తోసింది. "దీన్ని మళ్లీ బిగించండి. బిగించాక ప్రపంచమో ప్రాంతమో మాట్లాడుకుందాం."

బాబాయ్ ఫోన్ వచ్చినట్టు నటించి బయటికి జారుకున్నాడు. నాకు అంత తెలివి లేదు. కూర్చున్నాను. కాడ మీద పైకీ కిందికీ జారే గొట్టం ఒకటుంటుంది, దానికి ఎనిమిది ఊచలు తగిలించాలి. ఏడు తగిలించాను. ఎనిమిదోది తగిలిస్తుంటే స్ప్రింగు పైకి తన్ని నా వేలు ఆ గొట్టంలో ఇరుక్కుంది. కెవ్వుమన్నాను.

ఆమె వచ్చి, నా మణికట్టు పట్టుకుని, స్ప్రింగు నొక్కి, వేలు బయటికి లాగింది. పిన్ని గుడ్డ పీలిక తెచ్చింది. పీలిక కడుతూ ఆమె తల వంచింది. కర్ర పొట్టు వాసన, ఆవిరి వాసన. నా గుండె దాని పని అది మర్చిపోయింది.

"ఈ గుడ్డ మాత్రం ఇక్కడిదే," అంది ముడి వేస్తూ. "నిశ్చింతగా రాసుకోండి."

ముడి బిగించాక మామూలు గొంతుతో చెప్పింది. అదే బోర్డర్ మీదుగా వెళ్లే ఇంకో పొరుగు దేశంలో వరసగా దుకాణాలున్న ఒకావిడ నాలుగు వేల గొడుగులు అడిగింది. సుంకం లేకపోతేనే కొంటుంది. ఆరు వారాల్లో వానలు. ఆ ఆర్డరు వెళ్తే పై గది ఉంటుంది. వెళ్లకపోతే నెలాఖరుకి నాన్న ఆ కాగితాల మీద సంతకం పెడతాడు, పదహారు మంది ఇంటికి పోతారు.

"నాకు కావలసింది మీ జాలి కాదు," అంది. "శనివారం లారీలో బోర్డర్‌కి వెళ్తున్నాం. ధైర్యం ఉంటే రండి. ఫోటోల్లో లేనివి చూపిస్తాను."

వెళ్లాను. ఒప్పందం గొప్పదని నిరూపించడానికి వెళ్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె పక్కన ఐదు గంటలు కూర్చోవచ్చన్న సంగతి అసలు తట్టనే లేదని కూడా చెప్పుకున్నాను.

లారీ పెద్దాయన నడిపాడు. ఆమె కిటికీ పక్కన, నేను మధ్యలో, గేరు రాడ్డు నా మోకాలికి తగులుతూ. గేరు మార్చినప్పుడల్లా పెద్దాయన "జరుగు బాబూ" అనేవాడు. ఎటు జరగను? ఆమె వైపు జరిగితే ఆమె చూపు, ఆయన వైపు జరిగితే గేరు. ప్రాంతీయ రహదారి అని మేము రంగుల పటాల్లో గీసిన దారి అది. సగం దూరం గుంతలే. ఎండిపోయిన ఏటి దగ్గరికి రాగానే, వంతెన మీద ఒక పెద్ద బోర్డు కనిపించింది. ఐదు జెండాలు, 'కలిసి ఎదుగుదాం' అన్న అక్షరాలు. ఆ బోర్డు కింద లారీల వరస కనుచూపు మేర ఉంది. ఒక డ్రైవరు రెండు లారీల మధ్య తాడు కట్టి బట్టలు ఆరేసుకున్నాడు.

"ఎదుగుతున్నారు చూశారా," అంది ఆమె. "ఆయన నిన్నగాక మొన్న రాలేదు. ఆ తాడు చూస్తే తెలియడం లేదూ?"

చెక్‌పోస్టు పెద్దాయన కళ్లజోడు దారంతో కట్టుకున్న మనిషి. మమ్మల్ని గోదాములోకి తీసుకెళ్లాడు. దుమ్ములో పద్నాలుగు నీలం బేళ్లు.

"నేనేం ఆపలేదమ్మా, రూలు ఆపింది," అన్నాడు. "సరుకుల పట్టికలో గొడుగు గుడ్డ పద్నాలుగో వరసలో ఉంది. పద్నాలుగు అంటే ఒంటి మీద వేసుకునే బట్ట. రంగు చర్మానికి అంటదని ల్యాబ్ కాగితం కావాలి."

"గొడుగు ఒంటి మీద ఎవరు వేసుకుంటారండీ?" అంది ఆమె.

"నేనూ అదే అడిగాను. పైనుంచి జవాబు లేదు."

"ఆ ల్యాబ్ ఎక్కడుంది?" అన్నాను.

"ఐదు దేశాలూ ఒప్పుకున్నది ఒక్కటే ఉంది. సముద్రం అవతల."

ఆమె నా వైపు తిరిగింది. "ఐదుగురూ ఒకరి ల్యాబ్‌ని ఒకరు నమ్మరు. అందరూ కలిసి అవతలివాణ్ని నమ్ముతారు. సమైక్యత అంటే ఇదా సార్?"

చెక్‌పోస్టు పెద్దాయన ఆ పట్టిక పుస్తకం తెరిచాడు. "డేరాలు, కవర్లు, టార్పాలిన్లు అన్నీ నలభై ఒకటో వరసలో ఉన్నాయి. వాటికి ఏ కాగితమూ అక్కర్లేదు, హాయిగా దాటిపోతున్నాయి. గొడుగు గుడ్డ కూడా అక్కడే ఉండాలి. ఎవడో మహానుభావుడు నలభై ఒకటి కొట్టబోయి పద్నాలుగు కొట్టాడు. రెండేళ్లుగా ఒక్క బేలు కూడా దాటలేదు. జన్మలో గొడుగు పట్టుకుని ఉండడు వాడు."

టైపు చేసే ఆవిడ తప్పులు చేస్తుందన్న భయంతో ఆ పట్టిక నేనే స్వయంగా కొట్టాను. ఆ పేజీ కింద 'తయారుచేసినవారు' అన్న చోట నా హోదా స్పష్టంగా అచ్చయి ఉంది. ఆమె వేలు ఆ వరస మీదుగా కిందికి జరుగుతూ అక్కడిదాకా వచ్చి ఆగింది.

చదివింది. నన్ను చూసింది. నేను నేల చూశాను.

"ఎవరంటారమ్మా ఆ మహానుభావుడు?" అన్నాడు చెక్‌పోస్టు పెద్దాయన.

ఆమె పుస్తకం మూసేసింది. "ఎవరో లెండి. ఎవరైతే ఏం?"

తిరుగు దారిలో రెండు గంటలు ఆమె నోరు విప్పలేదు. నేను ఆ గేరు రాడ్డు పక్కన కుక్కిన పేనులా కూర్చున్నాను. అంతదాకా ఆమె ప్రతి మాటా నన్ను కోసింది. ఆ మౌనం ముందు ఆ మాటలు పూలు.

"తిట్టండి," అన్నాను చివరికి.

"తిట్టే ఓపిక లేదు. సోమవారం పై గదిలో వాళ్లకి ఏమని చెప్పాలో ఆలోచిస్తున్నాను. పిన్ని ముప్పై ఏళ్లుగా కుడుతోంది. ఆవిడకి ఇంకో పని రాదు. రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయని చెప్పనా?"

పెద్దాయన గేరు మార్చాడు. ఈసారి జరగమని అనలేదు.

సోమవారం పొద్దున్నే డైరెక్టర్ గారి గదికి వెళ్లాను. ఆ వారంలోనే ఐదు దేశాల సదస్సు ఉంది. ఐదు దేశాల ఉమ్మడి కార్యాలయంలో నాకు ఒక కుర్చీ ఖాయమని, సదస్సులోనే ప్రకటిస్తారని ఆయన నాకు నెలక్రితమే మాట ఇచ్చారు.

అంతా విన్నారు. విని, కుర్చీలో వెనక్కి వాలారు.

"నిజమే అనుకో. ఇప్పుడు తప్పు ఉందని ఒప్పుకుంటే సదస్సులో మన పరువేం కావాలి? అయ్యాక చూద్దాం."

"అయ్యాక అంటే వానలు వచ్చేస్తాయి సార్."

"వానలకీ ఒప్పందానికీ సంబంధం ఏమిటయ్యా? ఐదు దేశాల ఐక్యత మాట్లాడుతుంటే గొడుగుల గోలేంటి?" అని, ఏదో గుర్తొచ్చి మూలకి చెయ్యి చూపించారు. "గొడుగులంటే జ్ఞాపకం వచ్చింది. ప్రతినిధులకి కానుకలు వచ్చాయి, లెక్క చూసి లోపల పెట్టించు."

మూల రెండు అట్టపెట్టెలు. విప్పాను. గొడుగులు. ప్రతి గొడుగు మీదా 'మన ప్రాంతం, మన ప్రగతి' అని బంగారు అక్షరాలు. ఒకటి తెరిచి లోపలి చీటీ చదివాను. కాడ నుంచి కొస దాకా సముద్రం అవతలిదే. ఎక్కడ పుట్టిందో తేల్చడం నా వృత్తి కదా, తేల్చడానికి పది సెకన్లు పట్టింది.

"సార్, ఇవి నా దగ్గరికి వస్తే నేను సంతకం పెట్టను," అన్నాను.

"నిన్నెవరడిగారు?" అన్నారాయన. ఆయన చూపు అప్పటికే ఫైలులో ఉంది.

ఆ మాటతో నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. పట్టికలో విధానం మార్చాలంటే ఐదు దేశాలూ కూర్చోవాలి, అందుకు మూడేళ్లు పడుతుంది. కానీ అచ్చుతప్పు దిద్దడానికి ఎవరూ కూర్చోనక్కర్లేదు. పట్టిక తయారుచేసిన అధికారి తన పేరుతో, కారణం రాసి, సవరణ పంపితే చాలు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ వెసులుబాటు ఇంతవరకూ ఎవరూ వాడలేదు, ఎందుకంటే కారణం రాయాలి. ఆ కారణం ఉద్యోగం ఉన్నంతకాలం ఆ మనిషి ఫైలులో ఉంటుంది.

నా బల్ల దగ్గరికి వచ్చి రాశాను. పద్నాలుగు కాదు, నలభై ఒకటి. కారణం: నా అజాగ్రత్త.

మధ్యాహ్నానికల్లా సవరణ ఐదు దేశాల చెక్‌పోస్టులకూ వెళ్లిపోయింది. సాయంత్రానికి డైరెక్టర్ గారి ముఖం చూడాల్సిందే! ఉమ్మడి కార్యాలయం కుర్చీ నాది కాదని అక్కడికక్కడే తేల్చేశారు. "బోర్డర్ మీద అంత ప్రేమ ఉంటే బోర్డర్‌కే పో," అని బదిలీ కాగితం వారంలో చేతిలో పెట్టారు.

ఆ వారంలోనే నీలం బేళ్లు వచ్చాయి. పై గదిలో మిషన్లు ఆగకుండా నడిచాయి. నెల తిరిగేలోపు నాలుగు వేల గొడుగులు కట్టలు కట్టి సిద్ధమయ్యాయి. నా జాగాలోకి కొత్త మనిషి ఇంకా రాలేదు కాబట్టి, బోర్డర్‌కి బయల్దేరే ముందు రోజు చివరి తనిఖీకి నేనే వెళ్లాను. ఒక గొడుగు విప్పాను. బయటిది పదిహేను శాతం. అంతే.

"ఇది మన గొడుగే," అన్నాను.

"ఆ సంగతి నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు," అంది పిన్ని, నవ్వకుండా.

సంతకం పెడుతుంటే ఊచ నా ఎదురుగా వచ్చి నిలబడింది. థాంక్స్ చెప్తుందేమోనని ఆశగా తలెత్తాను.

"బుద్ధుందా మీకు?" అంది.

"ఏమైందండీ?"

"మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. టైపు చేసే ఆవిడ అంతా చెప్పింది. పెద్ద పోస్టింగ్ పోయిందట. బోర్డర్‌కి తోసేశారట. అలా అవుతుందని మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"తెలిసే రాశారా?"

"తెలిసే రాశాను."

ఆమె ఏదో అనబోయింది. పెన్సిలు జుట్టులో గుచ్చుకోబోయి చెవికి గుచ్చుకుంది. గిరుక్కున తిరిగి, ఆవిరి పెట్టె దగ్గర పనివాణ్ని అకారణంగా తిట్టడం మొదలుపెట్టింది. నాలుగు అడుగులు వేసి నేను వెనక్కి చూస్తే, ఆమె కూడా చూస్తోంది. పట్టుబడిపోయి ఇంకా గట్టిగా తిట్టింది.

"బాబూ," అన్నాడు పెద్దాయన స్టూలు మీద నుంచి. ఒళ్లో బాబాయ్ కాగితాల కట్ట అలాగే ఉంది, సంతకం లేకుండా. "ఆరోగ్యం జాగ్రత్త. అక్కడ దుమ్ము ఎక్కువ."

దుమ్ము నిజంగానే ఎక్కువ. మొదటి వారం తుమ్ములతో సరిపోయింది. చెక్‌పోస్టు పెద్దాయన నాకొక స్టూలు ఇచ్చి, "ఆ మహానుభావుడివి నువ్వేనటగా," అన్నాడు. అవునన్నాను. ఆ తర్వాత ఆయన ఆ ఊసు ఎత్తలేదు. ఇద్దరం కలిసి పని మార్చాం. లారీ కౌంటరు దగ్గరికి వచ్చేదాకా ఆగకుండా, నేనే కాగితాలు పట్టుకుని వరస వెంట నడిచి చూడటం మొదలుపెట్టాను. వ్యాసాల్లో ఇలాంటివి రాయరు. చెప్పులు అరుగుతాయి కదా. రెండు నెలల్లో, రోజులు పట్టే పని ఒక గంట లోపలికి వచ్చింది.

గొడుగుల లారీలు రెండుసార్లు దాటాయి. రెండుసార్లూ అద్దె డ్రైవరే వచ్చాడు. ఫారం మీద మాత్రం ఆమె చేతిరాత. 'పరిమాణం' అన్న గడిలో అంకె వేసి, పక్కన గీత గట్టిగా గీసేది, కాగితం చిరిగేంతగా. ఆ గీతని నేను అవసరమైనదానికన్నా ఎక్కువసేపు చూసేవాణ్ని.

మూడోసారి వానలో వచ్చింది లారీ. మధ్యాహ్నం మూడు గంటలకి. రేకుల మీద వాన దంచుతోంది, వంతెన మీది ఐదు జెండాల బోర్డు నీళ్లు కారుస్తోంది. వరస వెంట గొడుగు వేసుకుని నడుస్తున్నాను. ఆ లారీ తలుపు తెరుచుకుని ఆమె దిగింది. స్టీరింగు ముందు వాళ్ల నాన్న.

నా చేతిలోని కాగితాలు తడిసిపోయాయి.

"బాగున్నారా?" అన్నాను.

"బాగుండక?" అంది, నా గొడుగు కిందికి వస్తూ. వచ్చి ఆ గొడుగు వైపు తల ఎత్తి చూసింది. "ఇది మాది కాదే!"

"అద్దె గదిలో ఉంటే వాడుకుంటున్నాను."

"సిగ్గులేదు. సరే, చూడండి మా కాగితాలు."

చూశాను. నడుస్తూనే ఆమె కబుర్లు చెప్పింది. బాబాయ్ కంపెనీ చివరికి దిగొచ్చిందట. నెలకి ఐదు వేల పిడులు, అదీ పై గది జోలికి రాకుండా. దాన్ని తన ఘనతగా బాబాయ్ ఊరంతా చాటుతున్నాడట. పై గదిలోకి ఇంకో నలుగుర్ని తీసుకున్నారట. "దూరంవాడు పిడి కొంటే వద్దంటామా? పక్కవాడు గొడుగు కొంటే వద్దంటామా? మీరిద్దరూ అరుచుకున్నది దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు," అంది.

కౌంటరు దగ్గర ముద్ర వేసి, కాగితాలు ఆమె చేతికిచ్చాను. మనసులో గర్వంగా ఉంది.

"అయిపోయింది. సరిగ్గా నలభై నిమిషాలు."

ఆమె ముఖంలో మెచ్చుకోలు కోసం వెతికాను. ముఖం చిట్లించింది.

"నలభై నిమిషాలా?"

"ఇంకా తగ్గించొచ్చు. వచ్చే నెలకి..."

"ఇంకా తగ్గిస్తారా!" ఆమె గొంతు వానని మించిపోయింది. "ఐదు గంటలు గుంతల్లో ఎగిరెగిరిపడి వచ్చాను. నాన్న అద్దె డ్రైవర్ని పంపిద్దామంటే వద్దని పోట్లాడి వచ్చాను. పనంతా పిన్ని మీద పడేసి వచ్చాను. నలభై నిమిషాల్లో ముద్ర వేసి వెళ్లమంటున్నారా? ఊరందరి లారీలూ రోజుల తరబడి ఆపారు కదా మీ శాఖవాళ్లు, తెలివున్న మనిషైతే ఈ ఒక్క లారీని ఆపి ఉండేవాడు!"

చెక్‌పోస్టు పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

నాకు అర్థమవడానికి కొంచెం టైం పట్టింది. మా శాఖలో ఏదైనా అంతే.

"లారీని ఆపలేనండీ," అన్నాను. "కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. మిమ్మల్ని ఆపొచ్చా?"

"ఏ రూలు కింద?"

"రూలు లేదు. మీరంటే ఇష్టం. నా వేలు మీ గొడుగులో ఇరుక్కున్న రోజు నుంచీ. పుస్తకం మూసేశారే, ఆ రోజు ఇంకా ఎక్కువైంది. నాకు పెద్ద పోస్టింగ్ లేదు, ఇక వస్తుందన్న ఆశ కూడా లేదు. ఫైలులో అజాగ్రత్త అని రాసి ఉంటుంది. దుమ్ములో ఉంటాను. మీకు ఇష్టమైతే..."

"చాలు. ఇదేమన్నా దరఖాస్తా?" అంది. కానీ చెయ్యి చాచి నా గొడుగు కాడ పట్టుకుంది, నా వేళ్ల మీదుగా. చెయ్యి చల్లగా ఉంది, వాన నీళ్లతో. పట్టు మాత్రం గట్టిగా ఉంది. "నాకు మూడు నెలల క్రితమే తెలుసు. ఎప్పుడు చెప్తారా అని చూస్తుంటే ఫారాలు దిద్దుకుంటూ కూర్చున్నారు."

"అయితే ఒప్పుకున్నట్టేనా?"

"లేకపోతే ఈ వానలో ఎందుకు నిలబడతాను? గొడుగులు లేకనా?"

లారీ హారన్ మోగింది. పెద్దాయన కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"అమ్మా, ముద్ర పడిందా?"

"పడింది నాన్నా."

"మరి ఎందుకు ఆగాం?"

ఆమె నా వైపు చూడలేదు. లారీ వైపే చూస్తూ, పై గదిలో పదహారు మందికి వినపడేలా అరవడం అలవాటైన గొంతుతో చెప్పింది.

"పెళ్లి మాట్లాడుకుంటున్నాం."

వెనక లారీవాళ్లు తలలు బయటికి పెట్టారు. నేను గొడుగు వెనక దాక్కోబోయాను, ఆమె దాన్ని పక్కకి లాగేసింది. పెద్దాయన నన్ను చూశాడు, కూతుర్ని చూశాడు, మా ఇద్దరి చేతులూ ఉన్న గొడుగు కాడని చూశాడు. మాటలు కొలుచుకునే మనిషి కదా, కాస్త టైం తీసుకున్నాడు.

"అయితే ఇంజను ఆపేస్తున్నా," అన్నాడు.